తాతమ్మ మందుల బిల్లు

తాతమ్మ వేసుకునే మాత్ర పేరు నేనిక్కడ రాయను. అది తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టినవాళ్లుంటే ఇక్కడితో ఆపేయవచ్చు, నాకేం నష్టం లేదు. అండమాన్‌లో మా ఊరు మాయాబందర్, ఇక్కడ ఆ పేరు తెలియనివాళ్లు తక్కువ. ఊరందరికీ తెలిసినంత మాత్రాన మీకూ చెప్పి తీరాలని ఎక్కడా లేదు.

మా స్కూల్లో మధ్యాహ్న భోజనం వండేది తాతమ్మ. పేరు చూసి ముసలమ్మ అనుకోకండి, ఆమెకు యాభై రెండేళ్లు. పుట్టినప్పుడే ఆ పేరు పెట్టారట. పిల్లలు తాతమ్మ దీదీ అంటారు, నేను ఉత్త దీదీ అంటాను. నా పేరు అపర్ణ, ఆ స్కూలు ఇన్‌చార్జి టీచర్ని. మా నాన్న సర్కారు ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్లోనే, కాబట్టి ఈ ఊరిని తిట్టే హక్కు నాకు పూర్తిగా ఉంది.

తాతమ్మది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. పద్దెనిమిదో ఏట అప్పలరాముడిని చేసుకుని, విశాఖపట్నంలో ఓడెక్కి, దారి పొడవునా వాంతులు చేసుకుంటూ వచ్చి పోర్ట్‌బ్లెయిర్‌లో దిగింది. "దిగీసరికి నానెవుర్నో నాకే తెల్దు మేడమ్" అని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. మాయాబందర్ జెట్టీ వెనకాల తెలుగు బస్తీలో కాపురం పెట్టారు. మొగుడు వేటకెళితే తాను తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మింది. బెంగాలీ ఇళ్ల ముందు బెంగాలీ, రాంచీ నుంచి వచ్చిన కూలీల దగ్గర హిందీ, ఏ భాషా కుదరని చోట చేపను పైకెత్తి చూపించడమే. పద్నాలుగేళ్ల కిందట స్కూల్లో వంటమనిషి కావాలంటే తట్ట దించి గరిట పట్టింది.

ఆమె ఎలాంటి మనిషో తెలియడానికి ఒక్క సంగతి చాలు. ఓ ఏడాది వానల్లో స్కూలుకి పురుగులు పట్టిన బియ్యం వచ్చాయి. జల్లించి వండెయ్యమన్నాడు తెచ్చినవాడు. తాతమ్మ బస్తా మూతి మళ్లీ కుట్టి, దాన్ని గేటు దాకా ఈడ్చుకెళ్లి, దాని మీద ఎక్కి కూర్చుంది. పై ఆఫీసరు వచ్చేదాకా లేవలేదు. ఆయన వచ్చాక, "మీ ఇంటికాడ పిల్లకి ఇది ఎడతారా బాబూ? ఎడతానంటే సెప్పండి, ఇప్పుడే వండీస్తాను" అంది. సాయంత్రానికి వేరే బియ్యం వచ్చాయి. అప్పట్నుంచి ఆమెతో ఏదైనా వాదించాల్సి వస్తే నేను ముందు మంచినీళ్లు తాగి మరీ వెళతాను.

ఇక మందుల సంగతి. మా ఊళ్లో ఆసుపత్రి ఉంది, మందుల షాపులూ ఉన్నాయి. కానీ షుగరుకీ బీపీకీ కాక ఇంకో మందు కావాలంటే, ఓడ ఆలస్యమైన నెలలో దొరకదు. పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి తెచ్చుకుందామంటే పగలంతా బస్సులోనే గడిచిపోతుంది. అందుకని రెండు మూడేళ్లుగా బస్తీ అంతా ఫోన్లోనే మందులు తెప్పించుకుంటోంది. బస్తీ అంతా అంటే, బస్తీ తరఫున గవరయ్య.

గవరయ్యకి జెట్టీ రోడ్డులో రీచార్జి కొట్టు ఉంది. మావాళ్లలో సగం మంది తెలుగు గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు, ఇంగ్లీషు అసలే రాదు. ఇళ్లకు సరైన నంబర్లు లేవు. సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అందువల్ల మందుల యాప్‌లో అందరికీ కలిపి ఒకటే ఖాతా, గవరయ్య పేరున. డాక్టరు చీటీ పట్టుకెళ్లి ఇస్తే అతను ఫొటో తీసి యాప్‌లో పెడతాడు, వారం పది రోజుల్లో పార్సిల్ బస్సులో అతని కొట్టుకే వస్తుంది. అరవై డెబ్భై మంది జబ్బులు ఒక్క మనిషి ఖాతాలో పోగుపడ్డాయి. ఆ యాప్ లెక్క ప్రకారం గవరయ్యకి గుండెజబ్బు ఉంది, మూలవ్యాధి ఉంది, ఏడో నెల గర్భం కూడా ఉంది.

మందులు అయిపోవచ్చే సమయానికి యాప్ అతనికి గుర్తుచేస్తుంది. అతను కొట్టు గుమ్మంలో నిలబడి దారినపోయేవాళ్లకి కేకేస్తాడు. "అరే మామా, నీ బీపీ దవాయి ఖతమ్ అవుతున్నాది. ఆర్డర్ ఎట్టీమంటావేటి?" మాకందరికీ అది సేవలాగే కనిపించింది. నా థైరాయిడ్ మాత్రల గురించి రోడ్డుకి అవతలి వైపు నుంచి అరిస్తే నేను కూడా నవ్వి, "పెట్టెయ్ భయ్యా" అన్నదాన్నే. అతను కేకేసినవన్నీ కేకేయదగ్గ జబ్బులే. మిగతావాటికి దగ్గరకొచ్చి చెవిలో గొణిగేవాడు. ఆమాత్రం తెలివి ఉంది.

కిందటి ఆగస్టులో వారం రోజులు ఆగకుండా వాన కురిసింది. రోడ్డు మీద మట్టి జారిపడి బస్సులు నిలిచిపోయాయి. దారి తెరిచాక సోమవారం సాయంత్రం ఒక్క బస్సులోనే ఇరవై మూడు పార్సిళ్లు దిగాయి. అన్నీ తన పేరునే వస్తాయి కాబట్టి, గవరయ్య విప్పి చూసి ఎవరిది ఏదో దాని మీద మార్కర్‌తో పేరు రాశాడు, బిల్లు పైన అంటించాడు. ఈలోపు నాదొచ్చిందా నాదొచ్చిందా అని ఒకటే ఫోన్లు. విసుగెత్తి, పార్సిళ్లన్నీ బల్ల మీద పరిచి, ఫొటో తీసి, బస్తీ వాట్సాప్ గ్రూపులో పడేశాడు. కింద 'పార్సిల్ ఆగయా' అని పెట్టాడు. గ్రూపులో రెండు వందల మంది ఉంటారు. తాతమ్మ పార్సిల్ ముందు వరసలో ఉంది. పేరు పెద్దక్షరాల్లో, దాని పక్కనే బిల్లు.

ఎవరో ఫొటోను పెద్దది చేశారు. మందు పేరు వెతికి, దొరికింది గ్రూపులో పెట్టారు. నిజానికి ఆ మందు నాలుగైదు జబ్బులకు ఇస్తారట, కానీ వెతికితే మొదట వచ్చేది మతి చెడినవాళ్ల సంగతి. మన జనం మొదటి వాక్యం దాటి ఎప్పుడు చదివారు గనక. గవరయ్య కంగారుపడి పది నిమిషాల్లో ఫొటో తీసేశాడు. ఆ పది నిమిషాల్లో అది ఎక్కడికి పోవాలో అక్కడికి పోయింది. నా ఫోన్లోకీ వచ్చింది, నేనూ వేళ్లతో పెద్దది చేసి చూశాను, నేనూ వెతికాను. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, అయినా జరిగింది అదే.

మర్నాడు పదకొండు మంది పిల్లలు ఇంటినుంచి డబ్బాలు తెచ్చుకున్నారు. గురువారానికి ముప్ఫై నాలుగు డబ్బాలయ్యాయి. మా స్కూల్లో ఉన్నదే డెబ్భై మంది. గేటు దగ్గర బేబీరాణి నన్ను పట్టుకుంది. ఆమె కూతురు రెండో తరగతి చదువుతోంది.

"మేడమ్, పాగల్ దవాయి తినే మనిషి సేతిలో కత్తిపీట, పక్కన మరిగే నూనె. నా గుంటని అక్కడ ఎలాగ ఒగ్గీమంటారు?"

బేబీరాణి చెడ్డది కాదు, భయపడింది. భయపడ్డవాళ్లతో వాదించడం కంటే చెడ్డవాళ్లతో వాదించడమే తేలిక. ఆ మధ్యాహ్నమే స్కూలు కమిటీ చైర్మన్ శివాజీ ఫోన్ చేశాడు. అతను కూడా మా స్కూలు పిల్లల తండ్రుల్లో ఒకడు, రెండు బోట్లున్నవాడు, మాట చెల్లుబాటయ్యేవాడు. శనివారం మీటింగ్ పెట్టమన్నాడు. ఏ జబ్బుకి మందు వాడుతోందో తాతమ్మ డాక్టరు దగ్గర రాయించుకుని రావాలి, లేకపోతే వంట మానుకోవాలి. ఆమె పద్నాలుగేళ్ల పని ఆ ఒక్క కాగితం మీద నిలబెట్టారు.

నేను వంటగదిలోకి వెళ్లాను. మంచినీళ్లు తాగే వెళ్లాను.

"దీదీ, ఇంత గొడవెందుకు? తలనొప్పికి అని చెప్పెయ్యి. ఆ మందు ఒంటికణత నొప్పికి కూడా ఇస్తారట" అన్నాను.

తాతమ్మ పప్పు ఎనపడం ఆపింది. "ఇత్తారని మీకెలాగ తెలుసు? మీరూ సదివినారా?"

"లేదు దీదీ. వాళ్లూ వీళ్లూ అనుకుంటుంటే విన్నాను."

ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. పిల్లలు హోంవర్కు గురించి చెప్పే అబద్ధాలైనా కాస్త తడబడతాయి.

"తలనొప్పంటే ఏటవుతాది?" అని అడిగింది.

"వదిలేస్తారు."

"నాది తలనొప్పి కాదనుకోండి."

నేను పక్కనున్న గిన్నె మీద మూత సర్దాను.

"తలనొప్పే అనుకోండి. అప్పుడైనా నాను సెప్పను. ఇయ్యాల నాను తలనొప్పని సెప్పి ఒడ్డున పడతాను. రేపు ఈ బస్తీలో ఇంకో మనిషికి నిజంగా ఆ జబ్బే వస్తాది. ఆ మనిషి ఏటి సెప్పుకోవాల? తలనొప్పి ఉన్నోళ్లు మంచోళ్లు, ఆ జబ్బున్నోళ్లు వండడానికి పనికిరారని నా నోటితోనే నాను ఒప్పీసుకున్నట్టు కాదేటి?"

ఇరవై ఏళ్ల నుంచి పాఠాలు చెబుతున్నదాన్ని, ఉద్యోగం పోతుంది దీదీ అని మాత్రం అనగలిగాను. "పోతే పోతాది. పోగొట్టినోళ్లు నా కళ్లలోకి సూసి పోగొట్టాల" అని మళ్లీ పప్పుగుత్తి అందుకుంది.

సాయంత్రం జెట్టీ దగ్గర అప్పలరాముడు బోటు ఇంజను తుడుచుకుంటూ కనిపించాడు. ఆయనైనా నచ్చజెబుతాడేమో అని ఆగాను. ఆగి, ఇంతకీ ఆమెకు ఉన్న జబ్బేమిటో మీకు తెలుసా అని నోరుజారి అడిగాను. ఆయన గుడ్డ పక్కన పెట్టి నాకేసి చూశాడు.

"తెలుసు మేడమ్. సెప్పొద్దంది. నాను సెప్పను."

ఇంటిల్లిపాదీ ఒకే మూస. నేను తల దించుకుని వచ్చేశాను.

శుక్రవారం స్కూలు అయ్యాక తాతమ్మ నన్ను వెంటబెట్టుకుని గవరయ్య కొట్టుకెళ్లింది, ఇంగ్లీషు ఏమైనా చదవాల్సొస్తే ఉంటానని. గవరయ్య మమ్మల్ని చూడగానే కుర్చీలోంచి లేచి, కుర్చీ ఆమెకే వేశాడు. ముఖంలో నెత్తురు లేదు.

"తాతమ్మక్కా, మంచికే సేసినాను. వానలో అందరూ తిరగలేరని..."

"మంచికే సేసినావురా, కాదన్లేదు. ఆ మంచి ఇప్పుడు తీసీ."

"ఫొటో ఆ రోజే తీసీసినాను కదా."

"అది కాదు. నీ ఫోన్లో ఉన్న సీటీలు. నాదే కాదు, అందరియీ."

అతను ఫోన్ తెరిచాడు. పెళ్లి భోజనాలు, చేపల గుట్టలు, కూతురి పుట్టినరోజు కేకు, మధ్యమధ్యలో డాక్టరు చీటీలు. మూడేళ్ల చీటీలు. ఒక్కొక్కటీ వెతికి తుడిపేయడానికి గంటన్నర పట్టింది. ఈసారి నేను ఫోన్ వైపు చూడకుండా గోడ మీది రీచార్జి పోస్టర్లు చదువుతూ కూర్చున్నాను. రీచార్జికి వచ్చినవాళ్లని తాతమ్మే పంపేసింది. "తర్వాత రా బాబూ, ఇక్కడ నీ పనే అవుతున్నాది" అని ఒకడితో అంది. వాడికి అర్థం కాలేదు.

ఫోన్ ఖాళీ అయ్యాక గవరయ్య చేతులు జోడించాడు. "యాప్‌లో ఉన్నాయక్కా. అది నా సేతిలో లేదు."

"ఎవుళ్ల సేతిలో ఉన్నాదో ఆళ్లకి ఫోన్ సెయ్యి."

చేశాడు. చాలాసేపు పాట వినిపించాక ఎవరో అమ్మాయి హిందీలో పలికింది. అంతా విని, గవరయ్యగారి ఆరోగ్య వివరాలన్నీ మా దగ్గర ఎంతో భద్రంగా ఉన్నాయని చెప్పింది. అవి గవరయ్యవి కావని చెప్పేసరికి మళ్లీ పాట పెట్టి, ఎవరినో అడిగి వచ్చింది. చీటీలు తీసేయమని ఖాతాదారు రాసిపెడితే చూస్తాం, పాత బిల్లులు మాత్రం రూలు ప్రకారం కొంతకాలం ఉంచుతాం అంది. తాతమ్మ అక్కడే నిలబడి గవరయ్య చేత ఆ ముక్క రాయించింది. చివర్లో, ఈ సంభాషణ మీకు ఎంత తృప్తి కలిగించిందో ఒకటి నుంచి ఐదు వరకు నొక్కమని వచ్చింది. "ఏటి నొక్కమంటన్నాది?" అని అడిగి తెలుసుకుని, ఒకటి నొక్కించింది.

శనివారం మీటింగ్ మూడో తరగతి గదిలో జరిగింది. పాతికమంది పెద్దవాళ్లు పిల్లల బెంచీల్లో మోకాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నారు. నేను బల్ల దగ్గర తీర్మానాల పుస్తకం ముందు పెట్టుకుని ఉన్నాను. తాతమ్మ నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

శివాజీ మర్యాదగానే మొదలుపెట్టాడు. "తాతమ్మక్కా, నీ మీద మాకు దుష్మనీ ఏటీ లేదు. బచ్చాల సంగతి కదా. ఏ బీమారీయో ఒక్క మాట సెప్పీ. తలనొప్పంటే తలనొప్పే, ఇక్కడే ఖతమ్ సేసీద్దాం."

అతను కూడా ఆమెకు దారి ఇస్తున్నాడని నాకు అర్థమైంది. తీసుకో దీదీ అని లోపల మొక్కుకున్నాను.

తాతమ్మ కొంగులోంచి మడత కాగితం తీసింది. "జూన్‌లో ఆసుపత్రికాడ సూపించుకున్నాను. వంటకి పనికొస్తానని డాక్టరమ్మ రాసింది. ప్రతి ఏడాదీ రాస్తాది. నా మందులన్నీ ఆవిడకి తెలుసు. ఇంతకంటే మీకేటి కావాల?"

"ఇందులో జబ్బు పేరు లేదక్కా."

"ఉండదు. పనికొస్తానో రానో సెప్పడమే ఆవిడ పని."

"సెప్పీస్తే నీకేటి పోతాది?"

"సెప్పను."

బేబీరాణి వెనక బెంచీలోంచి, దాచుకోవలసింది కాకపోతే చెప్పొచ్చు కదా అంది. తాతమ్మ అటు తిరిగింది.

"దాసడం ఏరు, సెప్పకపోవడం ఏరమ్మా. ఆ ఫొటోలో ఇరవై మూడు బిల్లులున్నాయి. నాకు ఇంగ్లీషు రాదు, నా మనవరాలికి వస్తాది. దాని సేత ఒక్కటంటే ఒక్కటి సదివించుకోలేదు. మీ పిల్లల కడుపు నింపడమే నాకు తెలుసు. మీ కడుపులో ఏటున్నాదో నాకు అక్కర్లేదు."

ఆ ఇరవై మూడింటిలో కొన్ని ఈ బెంచీల మీద కూర్చున్నవాళ్లవే. శివాజీ ముఖం ఎర్రబడింది. "అయితే తీర్మానం రాయండి మేడమ్. కాగితం తెచ్చేదాకా సోమవారం నుంచి వేరే మనిషి వండుతాది."

"కారణం ఏమని రాయమంటారు?" అని అడిగాను.

"అదే, ఆ మందు వాడుతున్నందుకు."

"వాడుతోందని మనకెలా తెలిసిందని పై ఆఫీసులో అడుగుతారు."

"అందరికీ తెలిసిందే కదా మేడమ్."

తాతమ్మ బల్ల దగ్గరకొచ్చింది. "అడ్డెట్టకండి మేడమ్, రాయండి. తాతమ్మ బిల్లు మేం సదివినాం, సదివి పనిలోంచి తీసీసినాం అని రాయండి. సదివినోళ్లందరి సేతా కింద సంతకాలు ఎట్టించండి."

రాశాను. ఆమె నా చేతిలో పెన్ను తీసుకుని శివాజీకి అందించింది. అతను పెన్ను వైపు చూశాడు గానీ చెయ్యి చాపలేదు. అక్కణ్నుంచి తాతమ్మ ఆ పెన్ను పట్టుకుని బెంచీ బెంచీకీ తిరిగింది. ఒకాయన ఫోన్ చూసుకున్నాడు. బేబీరాణి గుమ్మం వైపు చూసింది. ముసలివాళ్లు కొందరు నేను చదవలేదమ్మా అని గొణిగారు, వాళ్లని తాతమ్మ రెండోసారి అడగలేదు.

"గ్రూపంతా సదివినారు. ఒక్క సంతకం రాదేటి?" అంది.

పెన్ను తిరిగొచ్చి నా ముందు ఆగింది. మీటింగ్ అయిపోయింది అని చెప్పేస్తే సరిపోయేది. చైర్మనే పెట్టని సంతకం నన్నెవరూ అడగరు. కానీ ఆమె అడిగినప్పుడు నేను ఆడిన అబద్ధం నాలుక మీద ఇంకా చేదుగానే ఉంది. పెన్ను తీసుకుని సంతకం పెట్టాను.

తాతమ్మ పుస్తకం తన వైపు తిప్పుకుంది. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. నా పేరు మీద వేలు పెట్టి పూర్తిగా చదివింది.

"మీరూనా మేడమ్."

"చదివాను దీదీ. నువ్వు అడిగినప్పుడు అబద్ధం చెప్పాను."

ఆమె నా పేరు మీది వేలు తీసేసింది. ఇక ఈ స్కూలూ వద్దు, మీ వంటా వద్దని వెళ్లిపోతుందనే అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ కళ్లు తుడుచుకున్నాను.

"ఎప్పుడు సదివినారు?"

"ఫొటో వచ్చిన రోజే."

"ఆ తరవాత నాలుగు రోజులు వండినాను. పిల్లలకి ఎట్టే ముందు ఒక టీచరు తిని సూడాలని రూలు ఉన్నాది కదా. ఎవరు తిన్నారు?"

"నేనే."

"తెలిసే తిన్నారు కదా?"

"తెలిసే తిన్నాను."

తాతమ్మ పుస్తకాన్ని మళ్లీ నా ముందుకు జరిపింది. "అది కూడా రాయండి. రాసి, అందరికీ ఇనబడేలాగ సదవండి."

రాశాను. లేచి నిలబడి, పిల్లలకు పాఠం చదివినట్టు గట్టిగా చదివాను. ఆ పేజీ కింద ఇవాళ్టికీ నా సంతకం ఒక్కటే ఉంది. ఒక్క సంతకంతో తీర్మానం చెల్లదు. సోమవారం తాతమ్మే వండింది, ముందు నేనే తిన్నాను.